తంబాకు లేని నాలుగు కట్టలు

నిరోష బిడ్డ చెయ్యి వదిలేసింది. దాచి చెప్పడానికేం లేదు, సోమవారం పొద్దున మోస్రాలోని బీడీ కార్ఖానా ముందు వరుసలో నిలబడ్డ పాతికమంది ఆడవాళ్లు కళ్లారా చూశారు.

ఆమె ముందు ఇంకా ముగ్గురున్నారు. ఎడమ చంకన బీడీ కట్టల గంప, కుడిచేతిలో నాలుగేళ్ల దీక్షిత చెయ్యి. లోపల బల్ల వెనక కూర్చున్న పోశన్న ఒక్కో కట్టను తీసుకుని బొటనవేలితో నొక్కి పక్కన పెడుతున్నాడు. కట్టకు పాతిక బీడీలు. వేలికి ఒక్కటి మెత్తగా తగిలినా సరే, దాన్ని బయటికి లాగి రెండుగా విరిచి నేల మీద పారేస్తాడు. విరవకపోతే అదే బీడీ మర్నాడు ఇంకో కట్టలో తిరిగి వస్తుంది మరి. ముప్పై ఏళ్లుగా ఆ బల్ల దగ్గర కూర్చుంటున్న పోశన్న పనికిరాని బీడీని ఒక్కదాన్నైనా విరవకుండా వదిలాడని చెప్పగలిగిన మనిషి ఆ ఊళ్లో లేడు.

“అమ్మా, కడుపుల తిప్పుతుంది” అంది దీక్షిత.

ఆ మాటకే నిరోష మొహంలో రక్తం ఇంకిపోయింది. పిల్ల ముందుకు వంగి, గొంతులోంచి ఆ చప్పుడు చేయగానే తల్లి వేళ్లు వాటంతటవే విడిపోయాయి. గంప కింద పడింది. మరుక్షణం నిరోష ఇరవై అడుగుల అవతల, గేటు పక్కన, గోడకు మొహం ఆనించి రెండు చెవులూ మూసుకుని నిలబడి ఉంది. వరుస మధ్యలో దీక్షిత ఒక్కతే తన చెప్పుల మీదనే కక్కుకుంది. అమ్మ ఎటు పోయిందో తెలియక, నోరు కూడా తుడుచుకోకుండా చుట్టూ చూసింది.

పోశన్నే లేచి వచ్చాడు. కుండలోంచి చెంబుతో నీళ్లు తెచ్చి పిల్ల మొహం కడిగాడు.

“పామును చూసినట్టు ఉరికింది సూడు” అంది గంగుబాయి. నిరోష ఇంటి పక్కిల్లే ఆమెది, మధ్యలో నడుమెత్తు గోడ. “నా పిల్లలు నా ఒడిల కక్కిండ్రు, కొంగుల కక్కిండ్రు. నేనెప్పుడన్న ముక్కు మూసుకున్ననా?”

“ఇంటర్ చదివిన పిల్ల గద, కంపు పడదేమో” అని ఇంకొకామె.

“కన్నబిడ్డది కంపేందమ్మా.”

నిరోషకు ఆ మాటలన్నీ వినిపించాయి. చెవుల మీది చేతులు అప్పటికే తీసేసింది. తిరిగొచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, పడిపోయిన కట్టలు ఏరుకుంది. కంపు కాదు, అసహ్యం అంతకన్నా కాదు. పిల్ల దొడ్డికి పోతే ఒట్టి చేత్తో కడుగుతుంది. బర్రె పేడ ఎత్తుతుంది, తంబాకు ఘాటులో పొద్దంతా కూర్చుంటుంది. ఆమెకున్నది భయం. ఆ చప్పుడంటే భయం, ఆ చప్పుడు రాబోతోందని తెలిసే క్షణమంటే ఇంకా భయం. నిజామాబాద్ బస్సులో తలుపు పక్క సీటు దొరక్కపోతే ఎక్కదు. ఎవరైనా ప్లాస్టిక్ కవర్ తీస్తే ఊరు రాకముందే దిగి నడుస్తుంది. ఇరవై ఏడేళ్ల మనిషి, పిల్ల తల్లి, కక్కుడంటే భయమని చెప్తే నవ్వరా? అందుకే కట్టుకున్న అనిల్‌కుమార్‌కు కూడా చెప్పలేదు. ఆరేళ్ల కాపురం ఎలా నెట్టుకొచ్చిందంటే, అత్త పెంటవ్వ ఉంది కాబట్టి. పిల్ల వాంతి చేసుకునేలా ఉంటే “అత్తమ్మా” అని ఒక్క కేక. పెంటవ్వ “ఇటియ్యి” అని చేతులు చాపుతుంది. నిరోష పెరట్లోకి పోతుంది. ఎందుకని పెంటవ్వ ఎన్నడూ అడగలేదు. వీధిలో మాత్రం “మా కోడలు జర నాజూకు మనిషి” అని చెప్పుకుంటుంది.

పోశన్న ఆమె కట్టలు నొక్కి చూశాడు. ఒక్కటీ విరవలేదు.

“పని మంచిగ జేస్తవ్ బిడ్డా” అని ఊరుకున్నాడు. మిగతా సగం మాట అనకపోవడమే నిరోషకు ఎక్కువ గుచ్చుకుంది.

*

సాయంత్రానికి దీక్షిత ఇంకో మూడుసార్లు కక్కింది. మూడుసార్లూ పెంటవ్వే పట్టుకుంది.

“నిన్న బోధన్ల చెరుకు రసం తాపినవ్ గద, గదే ఇది” అంది కోడలితో. “ఆ మూతపడ్డ ఫ్యాక్టరీ గోడ పక్కపొంటి బండి. ఐస్ ఏడిదో, నీళ్లు ఏడియో.”

నిరోష కాదనలేదు. పిల్ల అడిగింది, తాపింది.

ఊరి ఆశా కార్యకర్త రేణుకమ్మ చీకటి పడకముందే వచ్చింది. దీక్షిత నాలుక చూసి, కడుపు మీది చర్మం చిటికెతో పట్టి వదిలి చూసి, సంచిలోంచి రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు తీసింది.

“ఒక్క ప్యాకెట్ లీటర్ నీళ్లల్ల కలుపు. కాచి చల్లార్చిన నీళ్లు. ఐదు నిమిషాలకొక చెంచా. గ్లాసెడు ఒక్కసారి తాపితే కక్కుతది, చెంచానే పొయ్యాలె. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్ల మొదలువెట్టు. ఆపద్దు. ఏడుస్తే కండ్ల నీళ్లు రాకపోయినా, ఉచ్చ పోయకపోయినా నాకు ఫోన్ జెయ్యి.”

ఆమె గడప దాటగానే పెంటవ్వ ఆ ప్యాకెట్లను దేవుని పటం వెనక పెట్టేసింది.

“కక్కే పిల్లకు నీళ్లు తాపుడేంది? లోపల నీళ్లుంటేనే గద కక్కేది. ఒక దినం కడుపు ఎండితే అదే ఆగుతది. ముగ్గురు పిల్లల్ని నేను గట్లనే సాదిన.”

నిజం చెప్పాలంటే ఆ మాట వినగానే నిరోష గుండె కుదుటపడింది.

ఎనిమిదింటికి ధర్పల్లి నుంచి ఫోన్ వచ్చింది. పెంటవ్వ అక్క మొగుడు పోయాడు. పొద్దున పది గంటలకే ఎత్తుతారట. పెంటవ్వ కాసేపు గోడకానుకుని ఏడ్చింది, తర్వాత కళ్లు తుడుచుకుని మొదటి బస్సు ఎన్నింటికో అడిగింది. చావింటికి నలతగా ఉన్న పిల్లను తీసుకుపోరు. అనిల్‌కుమార్ నిజామాబాద్ యార్డులో పసుపు నింపుకుని లారీతో సాంగ్లీ పోయి రెండు రోజులైంది, గురువారం దాకా రాడు.

అంటే రేపు పొద్దంతా నిరోష, దీక్షిత. ఇద్దరే.

“మీరు పోవుడు తప్పదా అత్తమ్మా?” అని అడిగింది నిరోష. అడిగినందుకు తనమీద తనకే సిగ్గేసింది.

“మా అక్క నెత్తి మీద చెయ్యి వెట్టేటోళ్లు ఇంకెవలున్నరే” అంది పెంటవ్వ.

*

మంగళవారం ఆరింటికి పెంటవ్వ గడపలో చెప్పులేసుకుంటూ మళ్లీ చెప్పింది. “నీళ్లు అడుగుతది. ఇయ్యకు. నోరు తడిపి ఊకో.”

నిరోష అలాగే చేసింది. ముందర అర్రలో చాప వేసి పిల్లను పడుకోబెట్టి, తను గోడకానుకుని పని ముందేసుకుంది. ఒళ్లో చేట, చేటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు కట్ట. ఆకు తియ్యడం, చిటికెడు తంబాకు పొయ్యడం, చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

“అమ్మా, నీళ్లు.”

గుడ్డ తడిపి పెదవులకు అద్దింది.

“నీళ్లు తాగుత అమ్మా.”

“బాపమ్మ వచ్చినంక తాగుదువు.”

మూడోసారి అడిగినప్పుడు పిల్ల ఏడ్చింది. నాలుగోసారి అడగలేదు. ఎనిమిదిన్నర అయ్యేసరికి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది, ఒక్క వాంతి కాలేదు, నిరోష రెండు కట్టలు చుట్టింది. హమ్మయ్య అనుకుంది. అనుకుని పిల్లవైపు చూసింది.

దీక్షిత కళ్లు సగం తెరిచే ఉన్నాయి. పెదవులు ఎండిన తునికాకులా ముడతలు పడి, ఒక మూల చీలాయి. ఎండిన ఆకును చుట్టబోతే పగులుతుంది, తడిపితేనే వంగుతుంది. పదేళ్లుగా ఈ సంగతి నిరోష చేతులకు తెలుసు. ఆమె చేట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, రేణుకమ్మ చేసినట్టే పిల్ల కడుపు మీది చర్మం పట్టి వదిలింది. ముడత వెంటనే పోలేదు. “దీక్షీ” అని గట్టిగా కుదిపితే పిల్ల ఏడుపు మొహం పెట్టింది. కళ్లల్లో ఒక్క చుక్క రాలేదు.

అప్పుడు నిరోషకు ఒళ్లు చల్లబడింది. అత్త మాట తను విన్నది అత్త మీది గౌరవంతో కాదు. నీళ్లు తాపకపోతే కక్కదు, కక్కకపోతే తను ఉరకనక్కర్లేదు. తన భయానికి ఆ మాట అనుకూలంగా ఉంది, అందుకని రెండున్నర గంటలు బిడ్డను ఎండబెట్టింది.

మొదట చేసిన పని, సాయానికి గోడ దగ్గరికి పోవడం. గంగుబాయి అని పిలవడానికి నోరు తెరిచింది. అవతల గంగుబాయి ఎవరితోనో చెప్తోంది: “పిల్లను గట్లనే ఇడిసిపెట్టి ఉరికిందమ్మా, నా కండ్లతోని సూసిన...” అవతలామె నవ్వింది. నిరోష నోరు మూసుకుని వెనక్కి తిరిగింది.

రేణుకమ్మ ఫోన్ ఎత్తింది. వర్నిలో మీటింగులో ఉందట.

“నిన్నటిసంది ఎన్ని చెంచాలు పోసినవ్?”

“పొయ్యలే అక్కా.”

“సరే, ఇప్పుడు మొదలువెట్టు. నేను రెండింటికి వస్త. నాలుగింటి లోపల ఉచ్చ పోస్తే భయం లేదు. పొయ్యకపోతే బోధన్ దవాఖానకు పట్టుకపోయి సెలైన్ ఎక్కియ్యాలె. నువ్వైతే చెంచా ఆపకు నిరోషా.”

దేవుని పటం వెనకనుంచి ప్యాకెట్ తీసింది. లీటరు సీసాతో కొలిచి, కాచి చల్లార్చిన నీళ్లలో కలిపింది. తొమ్మిది గంటల ఐదు నిమిషాలకు పిల్ల తల తొడ మీద పెట్టుకుని మొదటి చెంచా పోసింది. గుటక పడింది.

ఇక ఆ తర్వాత నిమిషం ఉంది చూడండి, అది ఎవరికీ వద్దు. పిల్ల గొంతు కదిలితే నిరోష ప్రాణం పైకి వస్తోంది. పిల్ల ఊపిరి గట్టిగా తీస్తే అరికాళ్లల్లో చెమట. కాళ్లు గడపవైపు తిరిగి ఉన్నాయి. చేతులకు ఏదో ఒక పని చెప్పకపోతే తను లేచి పోతుందని ఆమెకు తెలుసు, నిన్న చూసింది గదా. తడిగుడ్డలోంచి ఒక ఆకు తీసింది. తంబాకు కోసం చెయ్యి చాచి ఆగింది. అదే చేత్తో చెంచా పట్టుకోవాలి, తంబాకు పిల్ల నోట్లోకి పోతే ఇంకేమైనా ఉందా? లేచి తంబాకు చేటను అటక మీద పెట్టి, సబ్బుతో మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కుని వచ్చి కూర్చుంది. ఉత్త ఆకునే చుట్టింది.

ఉత్త ఆకు చుట్టడం సులువనుకుంటారేమో. లోపల తంబాకు ఉంటే ఆకు దాని చుట్టూ తిరుగుతుంది. ఏమీ లేకపోతే వేళ్ల మధ్య అణిగిపోతుంది. ఒత్తకుండా, వదలకుండా, గోటితో అంచు నొక్కి పట్టుకుని తిప్పాలి. మనసంతా వేళ్ల కొసన పెడితే తప్ప రాదు. నిరోషకు కావలసింది అదే. బీడీ అయ్యేసరికి ఆ పాడు నిమిషం దాటిపోయింది. గడియారం చూసి రెండో చెంచా పోసింది. రెండో ఆకు తీసింది.

పదకొండు చెంచాలు నిలిచాయి. పన్నెండోది పోయగానే పిల్ల “అమ్మా” అని లేచి కూర్చుంది. నిరోషకు తెలుసు ఆ గొంతు. ఆకు చేతిలోంచి జారిపోయింది. ఎప్పుడు లేచిందో, ఎప్పుడు నడిచిందో, చూసేసరికి ఒక కాలు గడప అవతల ఉంది. వెనకనుంచి ఆ చప్పుడు మొదలైంది. దీక్షిత చేతులు చాపి ఉంది. నిన్న కార్ఖానాలో వెతికినట్టు ఈసారి చుట్టూ చూడలేదు. నేరుగా అమ్మనే చూస్తోంది.

నిరోష గడప ఇవతలికి కాలు తీసింది. మూడు అడుగులు. మోకాళ్ల మీద కూలబడి, ఒక అరచెయ్యి పిల్ల నుదుటికి ఆనించి, రెండోది వీపు మీద వేసింది. కళ్లు గట్టిగా మూసుకుంది. చెవులు మూసుకోవడానికి చేతులు లేవు. “చుట్టు, మడువు, కట్టు. చుట్టు, మడువు, కట్టు” అని పైకే అనుకుంది. వెచ్చగా ఆమె ముంజేతి మీద పడింది. ఏమీ కాలేదని చెప్తే అబద్ధం. చాలా అయింది. చెవుల్లో హోరు, కళ్ల ముందు చీకటి, ఇప్పుడే తను చచ్చిపోతుందన్నంత నమ్మకం. కానీ చెయ్యి నుదుటి మీదనుంచి జారలేదు.

ఐపోయాక పిల్లను కడిగి, తను కడుక్కుని, చాప మార్చి, గుడ్డలు నీళ్లలో వేసి వచ్చింది. పళ్లు టకటకలాడుతున్నాయి. పది నిమిషాలు గడియారం ముందు కూర్చుంది. మళ్లీ చెంచా ముంచింది.

పాములు పట్టేవాడొస్తే ఊరంతా చుట్టూ నిలబడి చూస్తుంది. ఈ చెంచాను చూడటానికి ఎవ్వరూ లేరు. ఇప్పుడే కక్కిన పిల్ల నోట్లో, మళ్లీ కక్కవచ్చని తెలిసి, కక్కుడంటే చచ్చేంత భయమున్న మనిషి తన చేత్తో పోసిన చెంచా అది.

పన్నెండు దాటాక ఇంకోసారి కక్కింది, కొంచెమే. ఈసారి నిరోష గడప దాకా పోలేదు. లేచి నిలబడింది, అంతే, మళ్లీ కూర్చుంది. భయం వీసమెత్తు తగ్గలేదు. తగ్గుతుందేమోనని ఎదురుచూడటం మాత్రం మానేసింది.

రెండున్నరకు రేణుకమ్మ వచ్చింది. చర్మం పట్టి చూసింది. సీసాలో తగ్గిన నీళ్లు చూసింది. నిరోష పక్కన వరసగా పడున్న బీడీల వైపు కూడా చూసింది గానీ, బీడీలు చుట్టే ఊళ్లో వాటిని ఎవరు పట్టించుకుంటారు.

“మంచిగ జేస్తున్నవ్. గిట్లనే పోనియ్యి” అంది.

“జరసేపు నువ్వుండవా అక్కా?” నిరోష గొంతు బతిమాలుతోంది.

“అవతల నొప్పులొస్తున్న పిల్ల ఉంది తల్లీ. నాలుగింటికి ఫోన్ జేస్త.” మెట్టు దిగుతూ ఆగి, “నీ మొహమేంది గంత తెల్లగుంది? నువ్వేమన్న తిన్నవా?” అని అడిగింది.

“తింట అక్కా” అంది నిరోష.

మూడూ నలభైకి పిల్ల ఇంకా ఉచ్చ పొయ్యలేదు. నిరోష బోధన్ పోవడానికి సంచిలో రెండు జతల బట్టలు సర్దింది, పక్కవీధి లింగం ఆటో ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కుంది. ఆటోలో కుదుపులకు పిల్ల దారంతా కక్కుతుంది, తను దిగి నడవడానికి ఉండదు. సరే, అదే కానీ, అనుకుంది. ఇంకో చెంచా పోసింది. ఇంకో ఆకు తీసింది.

నాలుగింటికి ఐదు నిమిషాలుందనగా దీక్షిత కదిలింది.

“అమ్మా, ఉచ్చ.”

నిరోష పిల్లను ఎత్తుకుని పెరట్లోకి పరుగెత్తింది. పోసింది కొంచెమే, ముదురు పసుపు రంగులో. ఆ తడిసిన మట్టిని చూస్తూ నిరోష అక్కడే చతికిలబడి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. అమ్మ ఎందుకేడుస్తోందో అర్థంగాక పిల్ల ఆమె చెంప మీద తట్టింది.

తర్వాత కూడా ఆపలేదు. ఆరున్నర దాకా చెంచా, ఆకు, చెంచా, ఆకు. పాతిక కాగానే చేతులు అలవాటుగా దారం చుట్టి కట్ట కట్టేశాయి. అలా నాలుగు కట్టలయ్యాయి. లేచేటప్పుడు చాప మీద అడ్డంగా ఉన్నాయని వాటిని తీసి గంపలో పడేసింది. గంపలో పొద్దుటి కట్టలు, నిన్నటివి ఉన్నాయి. అలసిన మనిషికి ఆ తేడా మనసులోకే రాలేదు.

*

పెంటవ్వ పొద్దుగూకాక వచ్చింది. చావింటి నుంచి వచ్చింది కాబట్టి పెరట్లోనే ఆగి తలస్నానం చేసింది, నిరోష దూరం నుంచి నీళ్లు వంచింది. తడిబట్ట మార్చుకుని లోపలికి అడుగు పెట్టేసరికి దీక్షిత లేచి కూర్చుని ఉంది.

“బాపమ్మా, ఆకలైతుంది.”

పెంటవ్వ పిల్ల మొహం చూసింది. చాప పక్కన సీసా, గిన్నె, చెంచా చూసింది.

“నీళ్లు తాపినవా?”

“తాపిన.”

“కక్కిందా?”

“రెండుసార్లు.”

“ఎవలు పట్టుకున్నరు? గంగుబాయి వచ్చిందా?”

“ఎవరు రాలే. నేనే పట్టుకున్న.”

పెంటవ్వ నమ్మలేదని ఆమె మొహమే చెప్పింది. గంజి కాచి పిల్లకు నాలుగు చెంచాలు తాపింది. వెనక్కి తిరిగి చూస్తే నిరోష అన్నం కంచం ముందే గోడకానుకుని నిద్రపోయింది. పెంటవ్వ కంచం తీసి మూతపెట్టి, కోడలి తల కింద దిండు జరిపింది.

*

బుధవారం నిరోష కళ్లు తెరిచేసరికి ఎండ మొహం మీద పడుతోంది. పక్కన దీక్షిత దిండుతో ఆడుకుంటోంది. ఇంత పొద్దెక్కేదాకా ఎవరూ లేపలేదేమిటా అనుకుని గంప కోసం చూసింది. గంప లేదు.

“బాపమ్మ కార్ఖానాకు పోయింది. నిన్ను లేపద్దు అన్నది” అని చెప్పింది పిల్ల.

నిరోషకు అప్పుడు గుర్తొచ్చింది. పిల్లను చంకనేసుకుని, చెప్పులు కూడా లేకుండా వీధిన పడింది.

ఆమె వెళ్లేసరికే జరగవలసింది జరిగింది. వరుస కదలకుండా నిలబడి ఉంది. బల్ల ముందు పెంటవ్వ. బల్ల మీద ఒక కట్ట విప్పి ఉంది. పోశన్న ఒక బీడీని విరిచి అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు, నేల మీద దాని రెండో ముక్క.

“ఏందక్కా ఇది? తంబాకు లేదు. ఇదొక్కటి కాదు, నాలుగు కట్టలు ఉత్తయే. ఇచ్చిన తంబాకు ఇంట్ల వెట్టుకొని ఆకు చుట్టి పంపుతుండ్రా?”

బీడీలు చుట్టేవాళ్ల మీద వేసే నింద ఇంతకన్నా పెద్దది లేదు. నలభై ఏళ్లు ఆ వరుసలో తలెత్తుకుని నిలబడ్డ పెంటవ్వ, కోడలిని చూడగానే “ఏం జేసినవే?” అని మాత్రం అనగలిగింది.

నిరోష రొప్పుతోంది. ఎదురుగా అందరూ ఉన్నారు, సోమవారం చూసినవాళ్లే. గంగుబాయి కూడా ఉంది. ఏదైనా అబద్ధం చెప్పొచ్చు. నేర్చుకునే చుట్టాల పిల్ల చుట్టిందంటే సరిపోతుంది.

“తంబాకు ఇంట్లనే ఉంది మామా, అటక మీద. తూకమేసుకో” అంది పోశన్నతో. “అవి ఇచ్చేటియి కావు. తప్పిపోయి గంపల పడ్డయ్.”

“ఇచ్చేటియి కాకుంటే ఎందుకు చుట్టినవ్?”

“నాకు కక్కుడంటే భయం.” అనేసింది. “అసహ్యం కాదు, భయం. చిన్నప్పటిసంది. ఎవరికి చెప్పలే. సోమారం అందుకే ఉరికిన. నిన్న అత్తమ్మ ఊరికి పోయింది, పిల్లకు చెంచాతోని నీళ్లు పొయ్యాలె. పోసినంక కక్కుతదేమోనని కూసోలేకపోయిన. చేతులకు పని వెట్టుకుంటె ఉరకనని చుట్టిన. తంబాకు చేతికంటుతె పిల్ల నోట్లకు పోతదని ఉత్త ఆకే చుట్టిన. ఒక్క చెంచాకు ఒక్క బీడీ.”

ఎవరూ నవ్వలేదు. పోశన్న విప్పని మూడు కట్టలనూ ఒక్కొక్కటే తీసి, అలవాటు ప్రకారం బొటనవేలితో నొక్కి చూశాడు.

“నూరు చెంచాలు” అన్నాడు.

“ఏమో, నేను లెక్కవెట్టలే.”

“ఉత్త ఆకు గింత గట్టిగ చుట్టుడు నేను ఏడ సూడలే.” వాటిని విరవలేదు. వంగి, నేల మీద పడ్డ ముక్కను వెతికి తీసి, చేతిలో ఉన్న ముక్కతో కలిపి, విప్పిన కట్టలోనే పెట్టి దారం బిగించాడు. నాలుగు కట్టలూ పెంటవ్వ చేతికిచ్చాడు. “ఇవి ఇంటికి తీస్కపో అక్కా.”

పెంటవ్వ వాటిని కొంగులో కట్టి నడుము దగ్గర దోపుకుంది. కోడలి వైపు చూడలేదు. చూస్తే ఏడుస్తానని భయపడినట్టుంది.

గంగుబాయి వరుసలోంచి బయటికొచ్చింది. తన సంచిలోంచి బిస్కెట్ పుడా తీసి దీక్షిత చేతిలో పెట్టింది.

“నాకు బల్లి అంటె భయం. మీ అన్నకు కూడ తెల్వదు” అంది నిరోషతో. “నిన్న గోడ మీదికెళ్లి ఒక్క పిలుపు పిలిస్తె రాకపోదునా?”

“పిలుద్దామనే వచ్చిన వదినా” అంది నిరోష. గంగుబాయి తల దించుకుంది, నిన్న గోడ అవతల తను అన్న మాటలు గుర్తొచ్చినట్టే ఉంది.

ఇంటిదారిలో ముగ్గురూ నెమ్మదిగా నడిచారు. రెండు రోజుల ఆకలి మీదున్న దీక్షిత ఎవరూ గమనించేలోగా వరసగా నాలుగు బిస్కెట్లు తినేసింది. వరి మడి పక్కన కాలువ దాకా వచ్చేసరికి నిరోష చంకలో ఉన్న పిల్ల తల ఎత్తింది.

“అమ్మా...”

పెంటవ్వకు ఆ గొంతు తెలుసు. చేతులు చాపింది. “ఇటియ్యి.”

“వద్దత్తమ్మా. నేను పట్టుకుంట.”

నిరోష దారి పక్కన గడ్డిలో కూర్చుని పిల్లను ముందుకు వంచింది. ఒక చెయ్యి నుదుటికి, ఒక చెయ్యి వీపుకు. కళ్లు మూసుకుంది. ఆమె భుజాలు వణకడం, మెడ నరాలు బిగుసుకోవడం, పెదవులు ఏదో గొణుక్కోవడం పెంటవ్వ చూసింది. ఆరేళ్లుగా ఆ సమయానికి కోడలు పెరట్లో ఉండేది కాబట్టి, ఇదంతా పెంటవ్వ చూడటం ఇదే మొదటిసారి.

ఆమె ఖాళీ గంపను కింద పెట్టింది. కోడలి వెనక మోకాళ్ల మీద కూర్చుని, తంబాకుతో నల్లబడ్డ రెండు అరచేతులనూ చాపి, నిరోష రెండు చెవులనూ గట్టిగా మూసింది. పిల్ల కక్కడం పూర్తయ్యేదాకా ఆ చేతులు తియ్యలేదు.